బావకి చెవి మెషిన్ అలవాటు చేయడం గురించి

చిరంజీవి మేనల్లుడికి, ఆశీస్సులు.

మీ నాన్న, అదే మా బావ వినికిడి పరీక్ష రిపోర్టు ఫొటో చూశాను. 2000 హెర్ట్జ్ (శబ్దం శ్రుతికి కొలత) దాకా వినికిడి గీత పర్వాలేదు, 4000 దగ్గర బాగా దిగిపోయింది. ఏళ్ల తరబడి గ్రైండింగ్ మోతలో పనిచేసినవాళ్లకి తరచూ ఇలాగే ఉంటుంది. ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి నిపుణుడిగా, ఇలాంటివి చాలా చూశాను. "పరీక్ష గదిలో బీప్‌లు చాలావరకు వినిపించాయి కదా, మాటలెందుకు అర్థం కావట్లేదు?" అని అడిగావు. అది తెలిస్తేనే మెషిన్ సరిగ్గా అలవాటు చేయగలవు.

లోపలి చెవి నుంచి మెదడుకి వెళ్లే నరంలో సుమారు 30,000 పోగులుంటాయి. ఒక్కో పోగు ఒక్కో శ్రుతికి బాగా స్పందిస్తుంది. మెల్లగా ఒక బీప్ వస్తే దానికి చెందిన కాసిని పోగులే చురుగ్గా అవుతాయి. మెదడు ఇట్టే పట్టేస్తుంది. మన వైజాగ్ ఆర్కే బీచ్‌లో అలల హోరు అలా కాదు. అందులో ఎన్నో శ్రుతులు కలిసి ఉంటాయి, చాలా పోగులు ఒకేసారి పని మొదలుపెడతాయి. ఆ సమయంలో ఎవరైనా మాట్లాడితే, అప్పటికే జోరు మీదున్న పోగు ఆ మాటని విడిగా చెప్పలేకపోతుంది. దెబ్బతిన్న చెవిలో ఇంకో చిక్కుంది. ఒక్కో పోగు తన శ్రుతితో పాటు చుట్టుపక్కల శబ్దాల్నీ లాగేసుకుంటుంది. మెషిన్ శబ్దం పెంచగలదు, ఈ కలగాపులగాన్ని పూర్తిగా విడదీయలేదు.

అందుకే మొదట్లో బావని పూర్ణా మార్కెట్‌కో, పెళ్లికో తీసుకెళ్లొద్దు. బీచ్‌కి అసలే వద్దు, గాలి మెషిన్‌లోని మైకుకి తగిలి రొద పెడుతుంది. హాల్లో టీవీ ఆపేసి, ఒక్కరే ఎదురుగా కూర్చుని మాట్లాడండి. మన ఉక్కపోతలో ఫ్యాను ఆపమనను. ఒకేలా సాగే శబ్దానికి మెదడులో స్పందన కాసేపటికి తగ్గుతుంది. అసలు ఇబ్బంది పక్కవాళ్ల కబుర్లతోనే, అవి క్షణక్షణం మారుతుంటాయి.

అరవకండి, దయచేసి. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి. స, శ, త లాంటివి అంతగా పెరగవు, బావకి అందనివి అవే. ముందు పిలిచి, మీ వైపు చూశాక, కాస్త నిదానంగా చెప్పండి.

గిన్నెల చప్పుడు, ప్లాస్టిక్ కవర్ల గరగర మొదట్లో చిరాకు పెడతాయి. ఆ సన్నటి శబ్దాలు ఆయన మెదడుకి అంది ఎన్నేళ్లయిందో! అలవాటుకి కొన్ని వారాలు పడుతుంది. రోజుకి రెండు మూడు గంటలతో మొదలుపెట్టి పెంచండి. డ్రాయర్‌లో పడేస్తే మాత్రం అలవాటవ్వదు. నొప్పి పెట్టేంత గట్టిగా అనిపిస్తే ఓర్చుకోమనొద్దు, సెట్టింగ్ మార్పించు. ఈసారి వెళ్లినప్పుడు మాటలతో, రొద మధ్య చేసే పరీక్ష కూడా అడుగు. బీప్‌ల గీత ఆ సంగతి చెప్పదు.

వైజాగ్ గాలిలో తేమ, చెమట మెషిన్‌ని పాడుచేస్తాయి. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. పొద్దున్నే పొడి బట్టతో తుడిచి పెట్టమను.

మీ మావయ్య