మంచులోకి ట్యాంకు తీసుకెళ్తున్నావని విన్నాను

చి. కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

క్రిస్మస్ సెలవులకు గుల్మార్గ్ వెళ్తున్నారనీ, నీ రిమోట్ కంట్రోల్ బొమ్మ, అదే రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ టైగర్ ట్యాంకుకు 1/16 సైజు నమూనా, అది కూడా వెంట వస్తోందనీ అక్క చెప్పింది. తీసుకెళ్లు. కానీ మన జయనగర్ పార్కులో మట్టిగుట్టలు ఎక్కినట్టు అక్కడ కూడా ఎక్కుతుందనుకోకు.

దిగబడిపోతుందేమోనని నీ టెన్షన్ అట. బరువు గురించి బెంగ వద్దు. కొలతలన్నీ 16వ వంతుకు తగ్గితే ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ) నేలను తాకే చోటు 256వ వంతు అవుతుంది, బరువేమో 4096వ వంతుకు పడిపోతుంది. అంటే నేల మీద ఒత్తిడి 16వ వంతే. లోపలంతా బోలు కాబట్టి ఇంకా తక్కువే. చిక్కల్లా మంచు 16వ వంతుకు తగ్గదు కదా! నీ ట్యాంకు పొట్ట కింద ఖాళీ మూడు సెంటీమీటర్లు ఉంటే గొప్ప. అంతకంటే లోతైన మెత్తటి మంచులో పొట్ట ఆనుకుపోయి, ట్రాకులు ఊరికే తిరుగుతాయి. జనం నడిచి అణిగిన దారిలోనే నడుపు.

అసలు తలనొప్పి చక్రాల మధ్య పేరుకునే మంచు. పొడి మంచు రాలిపోతుంది. ఎండెక్కాక తడిసిన మంచు మాత్రం ట్రాకును తిప్పే పళ్ల చక్రం, అదే స్ప్రాకెట్, దాని పళ్ల మధ్య గట్టిపడి ట్రాకును బిగించేస్తుంది. అప్పుడు ట్రాకు ఊడుతుంది, లేదా గేరు పళ్లు పోతాయి. పైగా నువ్వు ఎంచుకున్నది టైగర్! ఒకదాన్నొకటి కప్పుకున్న ఆ చక్రాల మధ్య బురదా మంచూ గడ్డకట్టి, రష్యా చలిలో అసలు ట్యాంకులే కదల్లేకపోయాయి. కాబట్టి ట్రాకు ఒక్క పిసరు వదులుగా ఉంచు, మరీ వేలాడనివ్వకు. పాత టూత్‌బ్రష్ జేబులో పెట్టుకుని, మాటిమాటికీ ఆపి దులుపు. మోటారు గొంతు మారిందంటే థ్రాటిల్ పెంచకు, వెంటనే ఆపు.

గట్టి ఐసు మీద నీ మెటల్ ట్రాకులు స్కేటింగ్ చేస్తాయి. అసలు ట్యాంకులకైతే ఐసు కోసం ట్రాకులకు ఉక్కు పళ్లు బిగిస్తారు. నీకు అంత అక్కర్లేదు, వాలు ఉన్నచోటికి పోకు, చాలు.

నీ ట్యాంకులోని లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ చలికి త్వరగా డీలా పడుతుంది. నడిపేదాకా జాకెట్ లోపలి జేబులో ఉంచు. చల్లబడిన బ్యాటరీని రూముకు రాగానే ఛార్జింగ్‌కు పెట్టొద్దు, ముందు మామూలు వేడికి రానివ్వు. ట్యాంకును కూడా బయటే కవర్లో మూసి లోపలికి తీసుకురా. లేకపోతే వెచ్చటి గదిలో సర్క్యూట్ బోర్డు మీద చెమ్మ పడుతుంది.

విమానంలో విడి బ్యాటరీలు చెక్-ఇన్ సామాన్లో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే. నీది 7.4 వోల్టులు, 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు) అంటే 37 వాట్-అవర్లు. పరిమితి 100, ఇబ్బంది ఉండదు. బ్యాటరీ వైర్ల కొనలకు టేపు చుట్టు.

ఉంటాను,
మామయ్య