మందలిస్తే పోయే మతిమరుపు కాదిది

ప్రశ్న: మేము దత్తత తీసుకున్న బాబుకు తొమ్మిదేళ్లు. కన్నతల్లి గర్భిణిగా ఉన్నప్పుడు మద్యం తాగిందని తెలిసింది. పరీక్షించిన డాక్టరు ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ అన్నారు. మాటలు గడగడా చెబుతాడు కానీ నిన్న ఒప్పజెప్పిన ఎక్కం ఇవాళ రాదంటాడు, చేయని పనిని చేశానంటాడు. శిక్షిస్తే దారికి వస్తాడా?

జవాబు: రాడమ్మా, దయచేసి శిక్షించకండి. తల్లి తాగిన మద్యం మాయ గుండా శిశువు రక్తంలో చేరుతుంది. దాన్ని అరాయించుకునే శక్తి లేత కాలేయానికి ఉండదు కనుక, రూపుదిద్దుకుంటున్న మెదడు దెబ్బతింటుంది. 1973లో అమెరికా వైద్యులు కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ ఈ స్థితిలోని తీవ్ర రూపానికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. పలుచని పై పెదవి, ముక్కు కింద గాడి లేకపోవడం, చిన్న కళ్లు వంటివి దాని ముఖలక్షణాలు. అయితే ఈ సమస్య ఉన్న చాలామంది పిల్లల్లో ఆ గుర్తులు కనిపించవు, అందుకే వారిని మొండివాళ్లుగా జమకట్టడం తేలిక.

మీవాడు నిన్న నేర్చుకున్నది నిజమే, ఇవాళ గుర్తుకు రాకపోవడమూ నిజమే. జ్ఞాపకంలో ఖాళీ ఏర్పడినచోట తోచిన మాటతో పూరించుకోవడం ఈ పిల్లల్లో తరచుగా కనిపిస్తుంది, దాన్ని అబద్ధమని నేననను. ధారాళంగా మాట్లాడే పిల్లవాడికి మనం చెప్పేదంతా అర్థమవుతోందని పొరబడతాం కూడా. "బూట్లు విప్పి, సంచి లోపల పెట్టి, చేతులు కడుక్కుని రా" అంటే, ఒక బూటు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోతాడు. అతని చేతికి అందింది మొదటి మాట ఒక్కటే.

కాబట్టి ఒకసారికి ఒకే పని చెప్పండి. అది ముగిశాకే రెండోది. రోజూ అదే వరుస పాటిస్తూ, ఆ వరుసను బొమ్మలుగా గీసి గోడకు అంటించండి. నేర్పినదాన్ని విసుగు లేకుండా మళ్లీ నేర్పండి. గోల, వెలుతురు ఎక్కువైనచోట చిరాకు పడితే పక్కకు తీసుకువెళ్లి కాసేపు ఊరుకోనివ్వండి. వయసు తొమ్మిదైనా కొన్ని విషయాల్లో ఐదేళ్లవాడిలా ప్రవర్తించవచ్చు, ఆ మేరకే ఆశించండి. ఇదంతా టీచరుకూ చెప్పండి, లేకపోతే ఇంట్లో మానిన శిక్ష బడిలో మొదలవుతుంది.

పూర్తిగా నయం చేసే మందు లేదు. ఏకాగ్రత లోపానికి మందులు కొందరికి ఉపకరిస్తాయి, అది డాక్టరు నిర్ణయించాలి. త్వరగా నిర్ధారణ జరిగి, నిలకడైన ఇంట్లో పెరిగిన పిల్లలకు పెద్దయ్యాక ఇబ్బందులు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. కన్నతల్లిని అతని ముందు నిందించవద్దు. గర్భం నిలిచిన సంగతి తెలియకముందే తాగినవారు ఎందరో ఉంటారు.