పౌర్ణమికి సముద్రం పొంగుతుంది సరే, మా బావి ఎందుకు పొంగదు?

చంద్రుడు నీళ్ళని లాగుతాడంటే మా పెరటి బావి ఎందుకు పొంగదు అని అడిగారు. వెటకారంలా ఉన్నా మంచి ప్రశ్నే. బళ్ళో "చంద్రుడు లాగుతాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ అనుమానం రాక ఏమవుతుంది?

ఇక్కడ లాగుడు కాదు, లాగుడులో తేడా ముఖ్యం. చంద్రుడి వైపున్న నీళ్ళ మీద ఆకర్షణ కాస్త ఎక్కువ, భూమి మధ్యలో ఓ మోస్తరు, అవతలి వైపు నీళ్ళ మీద తక్కువ, అవి వెనకబడిపోతాయి. అందుకే రెండు వైపులా ఉబ్బు, మనకి రోజుకి రెండు పోట్లు. భూమిని సూర్యుడు చంద్రుడికంటే 170 రెట్లకు పైగా గట్టిగా లాగుతాడు. కానీ అంత దూరం నుంచి భూమి ఈ కొసకీ ఆ కొసకీ తేడా పెద్దగా పడదు. అందుకే పోటులో ఆయన వాటా చంద్రుడి వాటాలో సగం కూడా ఉండదు. పౌర్ణమికీ అమావాస్యకీ ఇద్దరూ ఒకే వరసలో ఉంటారు కాబట్టి రెండు వాటాలూ కలిసి పోటు పెద్దదవుతుంది. ఇక మీ బావికి ఈ గట్టుకీ ఆ గట్టుకీ తేడా ఏముంటుంది? వేల కిలోమీటర్ల నీళ్ళు పక్కనుంచి జరిగొచ్చి పోగవ్వాలి. ఒడిశాలో అంత పెద్ద చిలికా సరస్సుకే సొంత పోటు లేదు, మొగలోంచి (సముద్రంలో కలిసే చోటు నుంచి) సముద్రం ఇచ్చిందే. ఇసుక పేరుకుని ఆ రాకపోకలు తగ్గితే సరస్సు దెబ్బతింది. 2000లో కొత్త మొగ తవ్వాక చేపలూ పీతలూ మళ్ళీ పెరిగాయి.

మాది ఒడిశాలోని బరంపురం. మావయ్యది ఋషికుల్య నది మొగ దగ్గర తెలుగు చేపలూరు. ఒక బహుళ అష్టమి పొద్దున వేట నుంచి వస్తూ మొగ బయట ఆగిపోయాం. బోటు నిండా కవళ్ళ చేపలు. గట్టున ఐసుతో బేరగాడి వ్యాను. బోటులో ఉన్న కుర్రాడు ఫోనులో పోటు వేళల యాప్ చూసి, "మావా, పోటు మొదలై అరగంటైంది, పోనీ" అన్నాడు. మావయ్య ఫోను వైపు చూడనైనా లేదు. లోపల లంగరేసి ఉన్న బోటుని చూపించి, "దాని ముక్కు ఇంకా ఊరివైపే ఉందిరా. సముద్రం వైపు తిరగనీ" అన్నాడు.

సముద్రంలో నీరు పెరగడం మొదలైనా ఏటి నీరు ఇంకాసేపు బయటికే పోతుంది. ఆ నీరూ ఎదురొచ్చే కెరటమూ ఇసుక మేట మీద ఢీకొంటే అక్కడ బోటు తిరగబడడానికి క్షణం చాలు. యాప్‌కి ఇదేం తెలుసు? అందులో ఉన్నది ఎక్కడో పెద్ద పోర్టు లెక్క. ఎండ నెత్తికెక్కింది. బేరగాడు ఫోను మీద ఫోను చేసి రేటు తగ్గిస్తూనే ఉన్నాడు. చివరికి ఆ బోటు ముక్కు తిరిగింది, మేమూ కదిలాం. అష్టమి పోటు చిన్నది కదా, మేట మీద దిగి నడుంలోతు నీళ్ళలో తోయాల్సొచ్చింది. సగం రేటుకి అమ్ముకున్నాం.

నన్నడిగితే యాప్‌కంటే పంచాంగమే మేలు. అమావాస్య నాడు మీ రేవులో పోటు ఎప్పుడొస్తుందో ఒక్కసారి చూసి పెట్టుకోండి. తర్వాత తిథికి రెండు గడియలు, అంటే 48 నిమిషాలు కలుపుకుంటూ పోవడమే. శాస్త్రం చెప్పేది 50 నిమిషాలు, పెద్ద తేడా ఏమీ లేదు.

టీవీ వాళ్ళకి మాత్రం తిథి పట్టదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది దుర్గాష్టమి రాత్రి. సూర్యచంద్రులు ఒకే వరసలో కాక ఒకరికొకరు అడ్డంగా లాగే రోజు కాబట్టి పోటు చిన్నది. అదే తుఫాను అమావాస్యకి వచ్చి ఉంటే నీళ్ళు ఇంకెంత లోపలికి వచ్చేవో! 2018లో తిత్లీ తుఫాను అమావాస్య వెళ్ళిన రెండు రోజులకే, అంటే పెద్ద పోట్ల రోజుల్లోనే, పలాస దగ్గర తీరం దాటింది. ఉప్పెన ఎత్తు మామూలు పోటు మీద ఎంత ఎక్కువో వాతావరణ శాఖ బులెటిన్‌లో స్పష్టంగానే రాస్తారు. టీవీలో ఆ "మామూలు పోటు మీద" అన్న మాట ఎగిరిపోయి ఒట్టి మీటర్లు మిగులుతాయి.

కింద కామెంట్లలో ఒకాయన, ఋషికుల్య మొగ దగ్గరి పొడంపేట ఊళ్ళో ఇళ్ళు సముద్రంలో కలిసిపోవడానికి పౌర్ణమి పోట్లే కారణమని రాశారు. పోటు ఎక్కిన నీరు ఆరు గంటల్లో దిగిపోతుందండీ. గట్టు కోసుకుపోవడం కెరటాల పని, ఇసుక కదలిక పని. దానికి వేరే ప్రశ్న వేయండి, రాస్తాను. అప్పుడు తీరం పొడవునా పోస్తున్న రాళ్ళ గోడల సంగతి కూడా మాట్లాడాలి.