అడవి పిల్లుల కోసం విరాళాలు: దేనికి అడుగుతున్నామో ముందు తేల్చుకోవాలి

మీ విద్యార్థి బృందం పులి బొమ్మ పెట్టి విరాళాలు సేకరిస్తే సరిపోతుందా, అవగాహన తరగతులు కూడా పెట్టాలా అని అడిగారు. నేను కొన్నేళ్లుగా బడుల్లో పులి నుంచి చిన్న అడవి పిల్లుల దాకా ఈ పిల్లి జాతి జంతువుల గురించి చెబుతున్నాను, విడిగా విరాళాలూ సేకరిస్తున్నాను. రెండూ చేయండి. కానీ ఒకేచోట, ఒకేసారి వద్దు. పాఠం చెప్పి వెంటనే డబ్బు అడిగితే పిల్లలకు పాఠం మిగలదు, డబ్బు మాటే మిగులుతుంది. విరాళం పెద్దవాళ్లనే, వేరే రోజు అడగండి.

అడిగేటప్పుడు "పులుల్ని కాపాడదాం" అంటే అందరూ తలూపి వెళ్లిపోతారు. "గొర్రెల దొడ్డి మీద ఇనుప వల వేయాలి" అని చూడండి, ఆగి ఎందుకని అడుగుతారు. అప్పుడు చెప్పండి. పైకప్పు లేని దొడ్డిలోకి మంచు చిరుత దూకితే ఒక్క గొర్రెతో ఆగదు. జీవాలు బెదిరి అటూ ఇటూ పరిగెడుతుంటే దొరికినదాన్నల్లా చంపుతుంది. తెల్లారేసరికి ఆ కుటుంబానికి బతుకుదెరువు పోతుంది. ఆ కడుపుమంటతో కాపరి ఉచ్చు వేసినా, విషం పెట్టినా అతణ్ని తిట్టి లాభం లేదు. పైన వల, గట్టి తలుపు ఉంటే గొర్రెలూ బతుకుతాయి, చిరుతా బతుకుతుంది. నమీబియాలో చీతా కన్జర్వేషన్ ఫండ్ 1994 నుంచి రైతులకు కాపలా కుక్కల్ని ఇస్తున్నదీ ఇందుకే. కుక్క ఎదురు నిలిచి మొరిగితే చీతా సాధారణంగా పోట్లాటకు దిగదు, తప్పుకుంటుంది.

తరగతిలో మాత్రం నేను పులితో మొదలుపెట్టను. పిల్లి కుటుంబంలో దాదాపు 40 జాతులున్నాయి. పులి, సింహం లాంటి పెద్దవాటిని పక్కన పెడితే ఎక్కువ భాగం చిన్నవే, వాటి పేర్లే చాలామంది వినలేదు. నీళ్లలో మునిగి చేపలు పట్టే బావురుపిల్లి గురించి చెప్పగానే పిల్లలు ముందుకు వంగుతారు. చిత్తడి నేలలు పూడ్చేస్తే దానికి చోటుండదని వేరే చెప్పక్కర్లేదు, వాళ్లే అంటారు. తుప్పురంగు మచ్చల పిల్లి పూర్తిగా ఎదిగినా రెండు కిలోలు తూగదు. ఇలాంటివాటికి వచ్చే నిధులు చాలా తక్కువ. మీ బృందం వీటిలో ఒకదాన్ని ఎంచుకుంటే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం.

"ఇంత చేసినా ఫలితం ఉంటుందా" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఐబీరియన్ లింక్స్ అనే అడవి పిల్లి గురించి చెప్పండి. 2001లో స్పెయిన్, పోర్చుగల్‌లలో సంతానం కనే వయసున్నవి 62 మాత్రమే. 2022 నాటికి 648 అయ్యాయి. 2024లో దాన్ని ఐయూసీఎన్ (జీవజాతులకున్న ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ) 'అంతరించే ప్రమాదంలో ఉన్న' జాబితా నుంచి ముప్పు ఒక మెట్టు తక్కువున్న జాబితాకు మార్చింది. సంరక్షణ కేంద్రాల్లో కూనల్ని పెంచి అడవిలో వదిలారు, దాని ఆహారమైన కుందేళ్ల సంఖ్య మళ్లీ పెరిగేలా చూశారు.

పులికూనల్ని ఎత్తుకుని ఫొటో దిగనిచ్చే చోట్లకు మాత్రం ఒక్క రూపాయి కూడా పంపకండి. ఆ ఫొటోల కోసమే కూనల్ని తల్లి నుంచి వేరు చేస్తారు. లెక్కలు బయటపెట్టే, స్థానిక కాపరులతో కలిసి పనిచేసే సంస్థను ఎంచుకోండి. కొన్న వల ఫొటో, ఖర్చు వివరం దాతలందరికీ పంపండి.

విరాళాలు అడగడానికి తేదీ కావాలంటే ఈ జంతువుల పేరిట అంతర్జాతీయ దినాలున్నాయి: జూలై 29 పులులది, అక్టోబర్ 23 మంచు చిరుతలది, డిసెంబర్ 4 చీతాలది. దొడ్డి వల కోసమైతే అక్టోబర్ బాగా కుదురుతుంది. తరగతులు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి.