వెంటిలేటెడ్ సీటు చల్లబడట్లేదా? కవరు తీసి చూడండి

2017 వెర్నా, 2019లో పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెల్టోస్ లాంటి కార్లతో వెంటిలేటెడ్ సీట్లు మధ్యతరగతి ఇళ్లకూ చేరాయి. ఎండలు ముదిరాక వాటి మీద వచ్చే ప్రశ్నలన్నీ ఒక్క మాట చుట్టూనే తిరుగుతున్నాయి: ఇంత డబ్బు పెట్టాం, చల్లదనమేదీ? ఈ నెల శీర్షిక మొత్తం ఆ ప్రశ్నలకే ఇస్తున్నాం.

*ప్రశ్న: వెంటిలేటెడ్ సీట్ల కోసమే పై మోడల్ తీసుకున్నాం. షోరూమ్‌లో 'కూల్డ్ సీట్లు' అన్నారు. స్పీడు మూడులో పెట్టినా వీపుకు చల్లగా ఏమీ తగలట్లేదు. ఫ్యాన్ మోత మాత్రం వినిపిస్తోంది. సీటు పాడైనట్టా? – ఒక పాఠకుడు, విజయవాడ*

జవాబు: పాడై ఉండకపోవచ్చండి. షోరూమ్ వాళ్లు చెప్పిన పేరులోనే తిరకాసుంది. మన దగ్గర అమ్మే చాలా కార్ల సీట్లలో చల్లబరిచే యంత్రమంటూ ఏదీ ఉండదు. గ్యాస్ లేదు, కంప్రెసర్ లేదు. కూర్చునే భాగం కింద ఒక చిన్న ఫ్యాను, వీపు భాగంలో ఇంకొకటి, ఫోమ్‌లో గాలి నడవడానికి కాలువలు, పైన చిల్లుల లెదరెట్ (కృత్రిమ తోలు). అంతే. రెండు ఫ్యాన్లకూ కలిపి ఒక హాలోజన్ హెడ్‌లైట్ బల్బుకు కావలసిన 55 వాట్లు కూడా అక్కర్లేదు.

మరి చల్లదనం ఎక్కడిది? మీ చెమటది. ఒక గ్రాము చెమట ఆరితే దాదాపు 2,400 జౌల్స్ వేడిని ఒంట్లోంచి తీసుకుపోతుంది. వీపు, తొడల కింద గంటకు 50 గ్రాములు, అంటే టీకొట్టు గ్లాసులో సగం, ఆరిందనుకోండి. అది సెకనుకు 33 జౌల్స్, అంటే 33 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు వదిలే వేడి సుమారు 100 వాట్లు కాబట్టి అందులో మూడో వంతు సీటే లాగేసినట్టు. తక్కువేమీ కాదు. కాకపోతే అది ఏసీ గాలిలా చురుక్కున తగలదు.

మట్టికుండ చల్లబడేదీ ఇలాగే. కుండ చుట్టూ పాలిథిన్ కవరు కడితే నీళ్లు చల్లబడతాయా? ఊరంతా ఉక్కపోతగా ఉన్న రోజు కుండ నీళ్లు అంత చల్లగా ఉంటాయా? సీటు విషయంలో వచ్చే చిక్కుల్లో ముప్పాతిక ఈ రెండు ప్రశ్నల్లోనే ఉన్నాయి.

విజయవాడలో ఉన్నారు గనక రెండోది ముందు చెబుతాం. 35 డిగ్రీల దగ్గర తడిసిన చర్మం మీద ఆవిరి పీడనం, అంటే నీటి ఆవిరి తోసే బలం, 5.6 కిలోపాస్కల్స్. బయట 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలిలో అప్పటికే 3.6 ఉంటుంది. తేడా 2. అదే ఏసీ వేసి కారులో 25 డిగ్రీలు, 50 శాతం తేమకు తెస్తే గాలిలో ఉండేది 1.6 మాత్రమే, తేడా 4. చెమటను ఆరబెట్టే బలం రెట్టింపవుతుందన్నమాట. అందుకే ఏసీ ఆపేసి, అద్దాలు దించి, సీటు ఫ్యానొక్కటే వేసుకుంటే కోస్తాలో లాభం తక్కువ. ఏసీకి ఇది బదులు కాదు, తోడు.

మీ సీటును పరీక్షించడానికి చల్లదనం కోసం వెతక్కండి. ఏసీతో పాటు అరగంట నడిపి, దిగాక చొక్కా వెనక తడిమి చూడండి. పొడిగా ఉంటే సీటు తన పని చేస్తున్నట్టే.

*ప్రశ్న: కొత్త సీట్లు మాసిపోతాయని లెదర్ కవర్లు వేయించాను. వేసినవాళ్లు 'చిల్లులున్నాయి, గాలి వస్తుంది' అన్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, కరీంనగర్*

జవాబు: చాలావరకు నిజం కాదమ్మా. పైన కనిపించే చిల్లులు కిందిదాకా ఉండవు. ఆ కవర్లలో లెదరెట్ వెనక 5 నుంచి 10 మిల్లీమీటర్ల ఫోమ్, దాని వెనక గుడ్డ అతికించి ఉంటాయి. చిల్లు పై పొరలోనే ఆగిపోతుంది. మూల దగ్గర కవరు ఎత్తి, వెనకవైపు ఫోన్ టార్చి పెట్టి చూడండి. చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు కనిపించకపోతే గాలీ రాదు. ఒకవేళ కనిపించినా కవరు చిల్లు సీటు చిల్లు మీదే పడాలని లేదు.

కుండకు కట్టిన పాలిథిన్ కవరు ఇదే. వెంటిలేటెడ్ సీటుకు పైకవరు వేయడమంటే కట్టిన డబ్బును మూత పెట్టి దాచడమే, ఈ విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు. తువ్వాలు పరిచినా అంతే. మాసిపోతుందని బెంగ ఉంటే వారానికోసారి తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడవండి, చాలు.

ఇంకో మాట. ముందు సీట్ల పక్క అంచు మీద 'ఎయిర్‌బ్యాగ్' అని చిన్న ట్యాగ్ ఉంటే, కారు గుద్దుకున్నప్పుడు ఆ అంచు కుట్టు పగిలి బ్యాగ్ బయటికి రావాలి. అక్కడ తెరుచుకునే కుట్టు లేని కవరు ప్రమాదం. చల్లదనం సంగతి తర్వాత, ముందు దీనికోసమైనా తీయించండి.

*ప్రశ్న: రెండేళ్ల కారు. పక్క సీటు బాగానే ఉంది, డ్రైవర్ సీటులో గాలి బాగా తగ్గింది. సర్వీస్‌కు ఇచ్చే ముందు ఇంట్లో చూసుకోగలిగేవి ఉన్నాయా? – ఒక పాఠకుడు, హనుమకొండ*

జవాబు: ఉన్నాయి. పక్క సీటు బాగుండటం మీకు కలిసొచ్చింది, అదే కొలబద్ద.

ఇంజిన్ ఆన్ చేసి, ఏసీ బ్లోయర్ ఆపండి. రెండు సీట్లూ ఎక్కువ స్పీడులో పెట్టండి. టిష్యూ పేపరు పొరలు విడదీసి, ఒక్క పొరను అరచేతి మేర చింపి మధ్యలో చిల్లుల మీద వేయండి. కాగితం లేచి ఊగితే మీది గాలి ఊదే సీటు. బొట్టుబిళ్లలా అతుక్కుంటే పీల్చే సీటు. పీల్చే సీటులో చేయి పెడితే గాలి తగలదు, అది లోపం కాదు. కూర్చునే భాగాన్నీ వీపు భాగాన్నీ విడిగా చూడండి, ఎందుకంటే ఫ్యాన్లు వేరు.

కాగితం ఒకచోట అసలు కదలకపోతే చెవి ఆనించి వినండి. కింద మోత లేదు, వీపులో ఉంది అంటే సీటు ముందుకూ వెనక్కూ జరిపేటప్పుడు ఏదో తగిలి కింది ఫ్యాను కనెక్టర్ ఊడి ఉండొచ్చు. రెండూ ఆగిపోతే ఫ్యూజు, స్విచ్ చూడాలి.

మోత ఉండి గాలి తక్కువైతే ఎక్కడో అడ్డు పడిందని అర్థం. సీటును పూర్తిగా వెనక్కి జరిపి ముందునుంచి, ముందుకు జరిపి వెనకనుంచి టార్చి వేసి చూడండి. గొడుగు, నీళ్ల సీసా, చెప్పులు, పిల్లలు తిని పడేసిన చిప్స్ కవరు. ఊదే సీటులో ఫ్యాను గాలి తీసుకునేది ఇక్కడినుంచే. పల్చటి పాలిథిన్ కవరొకటి ఫ్యాన్ జాలీకి అతుక్కుంటే చాలు, సీటు ఊపిరి ఆగిపోతుంది. ఎత్తు అంచుల 7డి మ్యాట్లు వేయించుకున్నవాళ్లు మ్యాట్ అంచు సీటు కిందికి వెళ్లి జాలీని మూసిందేమో కూడా చూడాలి. జాలీ మీద బూజులా పట్టిన నూగును వాక్యూమ్ క్లీనర్ సన్న మూతితో లాగేయండి.

ఇక చిల్లులు. పీల్చే సీటైతే దుమ్మునూ పీలుస్తుంది కాబట్టి ఇవి తొందరగా పూడుకుంటాయి. దుమ్ముకు లెదర్ పాలిష్ తోడైతే మరీను. టార్చి ఏటవాలుగా వేస్తే ఒక్కో చిల్లులో తెల్లగా, మైనం ముక్కలా గట్టిపడి కనిపిస్తుంది. పిన్నుతో పొడవకండి, ముక్క లోపలి ఫోమ్‌లోకి పోతుంది, చిల్లూ చిరుగుతుంది. పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా కదుపుతూ, పక్కనే వాక్యూమ్ పెట్టి పైకి లాగండి. ఇకమీదట పాలిష్ సీటు మీద పిచికారీ చేయొద్దు. గుడ్డకు కొంచెం అద్ది, తుడిచినట్టు రాసి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచేయండి. కారు కడిగేచోట షాంపూ నురగతో సీట్లు రుద్దుతామంటే వద్దనండి. చిల్లుల్లోంచి దిగిన నీళ్లు ఫోమ్‌లోనే నిలుస్తాయి. ఫ్యాను తుప్పు పడుతుంది, వాసన వేస్తుంది.

ఇంతకు మించి సీటు విప్పే పని మీరు పెట్టుకోవద్దు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి. బ్యాటరీ తీసి, కాసేపు ఆగి ముట్టుకోవలసినవి అవి. ఆ పని సర్వీస్ సెంటర్ వాళ్లదే.

*ప్రశ్న: మధ్యాహ్నం ఆఫీసు బయట ఎండలో పెట్టిన కారు ఎక్కగానే సీటు ఫ్యాను వేస్తే వేడిగాలి కొడుతోంది. – ఒక పాఠకుడు, హైదరాబాద్*

జవాబు: కొట్టక తప్పదు. ఎండ పడిన నల్లటి లెదరెట్ 60 డిగ్రీల దాకా కాలుతుంది, లోపలి ఫోమ్ ఆ వేడిని పట్టుకుని కూర్చుంటుంది. ఫ్యాను దొరికిన గాలినే తోస్తుంది, దొరికేదేమో కారులోని సెగ. అద్దాలన్నీ దించి రెండు నిమిషాలు నడపండి. తర్వాత అద్దాలెత్తి, ఏసీ పూర్తిగా పెట్టి, బయటి గాలి ఆపండి. మూడు నాలుగు నిమిషాలకు కారులో సెగ తగ్గుతుంది. సీటు ఫ్యాను అప్పుడు వేయండి.

చాలామందికి తట్టని చిట్కా ఒకటుంది. మీది ఊదే సీటైతే ఏసీ గాలిని మొహానికొక్కటే కాకుండా మొహం, కాళ్లు రెండిటికీ వచ్చేలా పెట్టండి. సీటు గాలి తీసుకునేది కాళ్ల దగ్గర కాబట్టి దానికి చల్లగాలే అందుతుంది. పీల్చే సీటైతే మధ్య వెంట్లను ఛాతీ, ఒడి వైపు తిప్పండి. ఎండలో ఆపినప్పుడు సీటు మీద తెల్ల దుప్పటి కప్పి, ఎక్కేటప్పుడు తీసేస్తే సగం బాధ అక్కడే పోతుంది.

*ప్రశ్న: డాలస్‌లో మా అబ్బాయి కారు సీటు ముట్టుకుంటేనే చల్లగా ఉంది. ఇక్కడ మాది అలా లేదు. మనకు నాసిరకం ఇస్తున్నారా? – ఒక పాఠకుడు, గుంటూరు*

జవాబు: అది వేరే రకం అయ్యుంటుందండి. కొన్ని ఖరీదైన కార్ల సీట్లలో పెల్టియర్ పలక ఉంటుంది. రెండు రకాల పదార్థాల అతుకు గుండా కరెంటు పోతే ఒకపక్క చల్లబడి మరోపక్క వేడెక్కుతుందని ఫ్రాన్స్‌కు చెందిన పెల్టియర్ 1834లో గమనించాడు. 2000 మోడల్ లింకన్ నావిగేటర్ సీట్లలో ఆ పద్ధతి వాడారు. గాలి ఆ పలక మీదుగా నిజంగానే చల్లబడి వస్తుంది, కరెంటు దిశ మారిస్తే అదే సీటు చలికాలం వెచ్చబెడుతుంది. కాకపోతే కరెంటు ఎక్కువ తింటుంది, వేడెక్కిన పక్క నుంచి వచ్చే సెగను సీటు కిందికి వదలాలి, ఖరీదూ ఎక్కువే. ఫ్యాన్ల సీటు నాసిరకమేమీ కాదు. 1997 నాటి సాబ్ 9-5 నుంచీ ఉన్న పద్ధతే.

*ప్రశ్న: ట్యాక్సీ నడుపుతాను. మామూలు సీటు. 12 వోల్టుల ఫ్యాను కుషన్ కొనాలా, చెక్కపూసల సీటు చాలా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం*

జవాబు: రోజంతా నడిపే మీకు మా ఓటు పూసలకే. పూసకూ పూసకూ మధ్య సందుల్లో గాలి ఆడుతుంది, చొక్కా సీటుకు అతుక్కోదు. కరెంటు వద్దు, పాడయ్యేదీ లేదు. కింద జారకుండా నాడాలు గట్టిగా కట్టండి, సీటుకు సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే ఆ అంచు మీదికి రానివ్వకండి.

ఫ్యాను కుషనే కావాలంటే కొట్లోనే దాని మీద పూర్తి బరువుతో కూర్చుని, అంచుల్లో చేయి పెట్టి చూడండి. మెత్తటి కుషన్‌లో కాలువలు బరువుకు నలిగిపోయి గాలంతా పక్కలకు పారిపోతుంది. లోపల స్ప్రింగులు గానీ గట్టి ప్లాస్టిక్ జాలీ గానీ ఉన్నది తీసుకోండి. అది వేశాక ఎత్తు పెరుగుతుంది కాబట్టి సీటు కొంచెం దించి, అద్దాలు మళ్లీ సరిచేసుకోండి. ఫ్యాను వైరు గేరు పక్కనుంచి తిప్పి కట్టేయండి, పెడళ్ల వైపు వేలాడనివ్వొద్దు.