కృత్తికను ఎవరూ అడగలేదు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు అధ్యాయాల వారీగా ఆన్‌లైన్‌లో పెట్టిన నీ నవల 31 అధ్యాయాలూ, వాటితో నువ్వు జతచేసిన పాఠకుల అభిప్రాయాల కట్టా చేరాయి. ముందు నవల చదివాను. తర్వాత అభిప్రాయాలు ఒక్కటీ వదలకుండా చదివాను. ఆ తర్వాత మళ్లీ నవల తెరిచి 15వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. ఆ అధ్యాయం తెప్పించిన కోపంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. 9వ అధ్యాయంలో నీ నాయిక కృత్తిక కోటగోడ మీద ఒంటరిగా కావలి కాసే రాత్రిని చాలా బాగా రాశావు. అంత బాగా రాయగలిగినదానివి కాబట్టే ఈ కోపం.

15వ అధ్యాయంలో ఏం చేశావో చూడు. నాగకుమారుడు, సేనాపతి, కొలిమి దగ్గరి కుర్రవాడు, ముగ్గురూ కృత్తికను ప్రేమిస్తున్నారు. ముగ్గురిలోనూ ఆమె మనసు కొంత కొంత చిక్కుకుని ఉంది. కథ బిగుస్తోంది. సరిగ్గా అక్కడ రాజగురువును తీసుకొచ్చి, ఆమె అరచేతిలోని నెలవంక మచ్చ విధి నిర్ణయించిన వాడు చెయ్యి పట్టుకున్నప్పుడు వెలుగుతుందని చెప్పించావు. అంతటితో ఆమె కథ ముగిసింది. ఆ తర్వాత 16 అధ్యాయాల పాటు కృత్తిక చెయ్యి చాపుతుంది, మచ్చ వంక చూస్తుంది, నిట్టూరుస్తుంది. ఆలోచించే పని ఆమెకు మిగల్లేదు.

ఇప్పుడు పాఠకుల అభిప్రాయాలు పక్కన పెట్టుకుని చూడు. నాగకుమారుడికి అన్యాయం చేస్తే చదవడం మానేస్తామని కొందరు రాశారు. సేనాపతి కళ్ల గురించి ఒకావిడ పేరా నిండా రాసింది. కొలిమి కుర్రవాడు యుద్ధంలో చనిపోయినప్పుడు ఎంతమంది ఏడ్చారో, ఎంతమంది నిన్ను తిట్టారో! నువ్వు బెదిరి రెండు అధ్యాయాల్లోనే మంత్రజలం చల్లి అతన్ని బతికించావు. పాఠకులు మూడు జట్లుగా చీలిపోయారని నువ్వు సంబరంగా రాశావు. ఆ కట్ట అంతా వెతికాను. కృత్తిక పేరు ఒక్కచోట తప్ప ఎక్కడా లేదు. ఆమె ఎవరికి దక్కాలి అన్న చోట కూడా చాలామంది ‘హీరోయిన్’ అని రాసి ఊరుకున్నారు. తప్పు పాఠకులది కాదు. మచ్చ ఎవరి దగ్గర వెలుగుతుంది అన్న ప్రశ్న నువ్వే వాళ్ల ముందు పెట్టావు. దానికి జవాబు ఊహించడానికి కృత్తిక ఎలాంటి మనిషో తెలియనక్కర్లేదు. నువ్వు వాళ్లను పందెం కాసేవాళ్లుగా మార్చావు, వాళ్లు పందెం కాశారు.

నేను గట్టిగా నమ్మే మాట చెబుతాను. మాయల కథలో మాయ ఎంపికను కష్టం చెయ్యాలి. ఎంపికను తేల్చిపారేసే మాయ కథకు విషం.

నమ్మకం లేకపోతే మన దగ్గరున్న పాత కథలే తిరగెయ్యి. నలదమయంతుల కథ, నలోపాఖ్యానం, నన్నయ భారతంలో ఉంది. అదే కథ మీద శ్రీహర్షుడు సంస్కృతంలో రాసిన నైషధాన్ని శ్రీనాథుడు శృంగారనైషధంగా తెలుగు చేశాడు. స్వయంవరంలో దమయంతి ముందు ఐదుగురు నలులు నిలబడ్డారు. అందులో నలుగురు ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు. ఒకే రూపం, ఒకే ముఖం. అక్కడ మాయ చేసిన పనేమిటి? ఆమె పనిని దాదాపు అసాధ్యం చేసింది. నైషధంలోనైతే వరులను పరిచయం చేసే సరస్వతి కూడా ఒక్కో పద్యం దేవుడికీ నలుడికీ ఇద్దరికీ సరిపోయేలా చెబుతుంది, సాయం చేస్తున్నట్టే ఉండి చిక్కును ఇంకా బిగిస్తుంది. దమయంతి అరచేతిలో ఏ మచ్చా వెలగలేదు. ఆమె తన సత్యం మీద భారం వేసి, మీ గుర్తులు మీరే చూపించండని దేవతలనే అడిగింది. నలుగురికి చెమట లేదు, రెప్పపాటు లేదు, మెడలో పూలు వాడలేదు, పాదాలు నేలకు తగల్లేదు. ఐదోవాడి ఒంటి మీద చెమట, దుమ్ము. అతని పూలదండ వాడింది, అతని నీడ నేల మీద పడింది. ఆమె ఆ చెమట పట్టిన మనిషి మెడలో దండ వేసింది. చావు ఉన్నవాడినీ వాడిపోయేవాడినీ తెలిసి తెలిసి కోరుకుంది. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఆమె పేరు మనకు గుర్తుండడానికి కారణం ఆ దండ పడిన చోటు.

పింగళి సూరన కళాపూర్ణోదయం చదివావా? పదహారో శతాబ్దపు కావ్యం. పద్యాలు కష్టమనిపిస్తే వచనంలోనైనా చదువు. నీకంటే ముందే నీ తరహా కథ నడిపినవాడు ఆయన. రంభ ప్రియుడు నలకూబరుడి మీద ఆశపడిన కలభాషిణి అనే అమ్మాయి రంభ రూపం పొందింది. రంభ కోసం మణికంధరుడు అనే గంధర్వుడు నలకూబరుడి రూపం ధరించాడు. మారువేషాల్లో ఉన్న ఆ ఇద్దరే ఒకరికొకరు ఎదురయ్యారు. కోరిన రూపం చేతికి అందింది, కోరిన మనిషి మాత్రం అందలేదు. మాయను ఎలా వాడాలో నేర్పడానికి నాకు తెలిసి అంతకంటే గొప్ప పాఠం తెలుగులో లేదు.

ఇక ఎప్పటి నుంచో నాకు మంటగా ఉన్న కథ ఒకటుంది. చందమామలో నెలనెలా బేతాళ కథలు చదువుతూ పెరిగిన తరం మాది. ఆ బేతాళుడి పాత కథలు పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉన్నాయి. వాటిలో మందారవతి కథ నీ నవలకు అమ్మమ్మ లాంటిది. అన్నిటా సమానులైన ముగ్గురు యువకులు ఆమెను అడిగారు. ఒకరికిస్తే మిగతా ఇద్దరూ ప్రాణం తీసుకుంటారని భయపడి తండ్రి ఎవరికీ ఇవ్వలేదు. ఆమె జ్వరంతో చనిపోయింది. ఒకడు ఆమె చితాభస్మం మీదే పడుకున్నాడు, ఒకడు అస్థికలు గంగకు తీసుకెళ్లాడు, ఒకడు దేశాలు తిరిగి చచ్చినవాళ్లను బతికించే మంత్రం ఉన్న పుస్తకం దొంగిలించి తెచ్చాడు. మందారవతి లేచి నిలబడింది. ముగ్గురూ మళ్లీ కొట్లాటకు దిగారు. బేతాళుడు విక్రమార్కుడిని అడిగాడు, విక్రమార్కుడు తీర్పు చెప్పాడు: బతికించినవాడు తండ్రితో సమానం, అస్థికలు మోసినవాడు కొడుకుతో సమానం, బూడిదను విడవనివాడే భర్త. ఎంత తెలివైన జవాబు! మంత్రం ఆమెను బతికించిందే తప్ప చిక్కును విప్పలేదు. అక్కడి వరకు కథకుడికి దణ్ణం పెడతాను. కానీ చితిలోంచి లేచిన పిల్ల పక్కనే నిలబడి ఉంది కదా! ఆమెను ఎవరూ అడగలేదు. తండ్రి అడగలేదు, ముగ్గురు మగవాళ్లూ అడగలేదు, బేతాళుడు రాజును అడిగాడు. చిన్నప్పుడు అది చదివి మా అమ్మను ‘మందారవతి ఏమంది?’ అని వేధించాను. రచనలోకి నేను వచ్చింది ఆ ప్రశ్న పట్టుకునే.

‘ముగ్గురినీ పెళ్లి చేసుకోనివ్వండి’ అని కొందరు పాఠకులు రాశారు కదా, అది సరేనా అని అడిగావు. నాకు అభ్యంతరం లేదు. ద్రౌపదికి ఐదుగురు. అయితే ఆ పెళ్లికి కుంతి మాట ఉంది, వ్యాసుడి వివరణ ఉంది, ద్రుపదుడి సమ్మతి ఉంది. ద్రౌపది మాట కోసం వెతుక్కోవాలి. ముగ్గురూ కావాలని కృత్తిక నోరు తెరిచి అడిగితే, దానికి రాజ్యం ఏమంటుందో ఎదుర్కొని నిలబడితే, నేనే మొదటి పాఠకురాలిని. మూడు జట్లనూ మెప్పించడానికైతే మాత్రం ఆ దారి తొక్కకు.

పాఠకుల ఓట్లతో పెళ్లి చెయ్యడం నీ తరంతో మొదలవలేదు. 1980లలో ఒక వారపత్రికలో నా సీరియల్ వచ్చేది. నాయిక బడిపంతులమ్మ. ఒక పక్క ఇంజినీరు, ఆరడుగుల అందగాడు, కారు ఉన్నవాడు. అప్పట్లో నవలా నాయకుడంటే అలాగే ఉండాలని సంపాదకులకు ఒక పిచ్చి. ఇంకో పక్క భార్య పోయిన గుమాస్తా, చెల్లెళ్ల బాధ్యత నెత్తినున్నవాడు. సగంలో సంపాదకుడు నాతో మాటైనా చెప్పకుండా ‘నాయిక ఎవరిని పెళ్లాడుతుంది?’ అని పోటీ పెట్టాడు. పత్రికలోని కూపన్ కత్తిరించి పంపాలి, గెలిచినవారికి పట్టుచీర. ఇంజినీరుకు కుప్పలుగా ఓట్లు వచ్చాయి. ముగింపు మార్చమన్నాడు. మార్చనన్నాను. చివరి భాగం ఎవరిచేతో రాయించి నా పేరుతోనే అచ్చు వేశాడు. ఊళ్లో మా అమ్మ అది చదివి ఉత్తరం రాసింది. ‘ఆ పిల్ల అట్లా చెయ్యదే, ఇది నువ్వు రాసింది కాదు కదా’ అని. అమ్మ చదివింది అయిదో తరగతి. నాయిక ఎలాంటిదో ఆమెకు తెలుసు. వేల కూపన్లు లెక్కపెట్టిన సంపాదకుడికి తెలియలేదు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు, పోవాలని కూడా లేదు. తర్వాత నా ముగింపుతోనే పుస్తకం తెచ్చాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆడవాళ్లు పంతులమ్మ గురించి అడిగారు. ఉద్యోగం మానేసిందా, ఆ చెల్లెళ్లతో ఎలా నెగ్గుకొచ్చింది, జీతం ఎవరి చేతిలో పెట్టింది అని.

ఇప్పుడు సంపాదకుడు లేడు, అంకెలు ఉన్నాయి. ఎంతమంది చదివారు, ఎన్ని హృదయాల బొమ్మలు పడ్డాయి అని పొద్దున్నే చూసుకుంటానన్నావు. ఆ అంకెలు అడిగేదీ ఆ కూపన్ అడిగిందే. ఈ మధ్య వస్తున్న కథల్లో నాయకుడు నాయిక మణికట్టు విరిగేలా పట్టుకుంటాడు, అవమానిస్తాడు, అదే గాఢప్రేమ అంటారు. నీ సేనాపతికి కూడా 20వ అధ్యాయం నుంచి ఆ జబ్బు పట్టుకుంది. అంతకుముందు అతను పద్ధతైన మనిషి. అతని దురుసుతనం బాగుందని ఎవరో నలుగురు రాయగానే ఇలా మార్చేశావని అభిప్రాయాల తేదీలు చూస్తేనే తెలుస్తోంది.

అభిప్రాయాలు చదవొద్దని నేను అనను. ‘ఇక్కడ అర్థం కాలేదు’, ‘ఇక్కడ విసుగొచ్చింది’ అన్నవాటిని కళ్లకద్దుకో. పాఠకుడికి ఎక్కడ నొప్పి పుట్టిందో పాఠకుడి కంటే బాగా ఎవరికీ తెలియదు. మందు మాత్రం అతన్ని అడగకు. కొలిమి కుర్రవాడి చావుకు వాళ్లు ఏడ్చారంటే ఆ చావు పండిందని అర్థం. దాన్ని తిరగరాసి వాళ్ల ఏడుపుకు విలువ లేకుండా చేశావు.

కృత్తిక పేరు ఒక్కచోట ఉందన్నాను కదా. ఎవరో ఒకరు అడిగారు: ‘కృత్తిక వాళ్లమ్మ ఏమైంది? 3వ అధ్యాయంలో గాజులు ఇచ్చి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.’ అందరికీ ఓపిగ్గా బదులిచ్చిన నువ్వు ఆ ఒక్క ప్రశ్నకు బదులివ్వలేదు. నిన్ను సరిగ్గా చదివిన మనిషి ఆ ఒక్కరే. కూతుర్ని కోటలో వదిలి వెళ్లిన తల్లి ఉండగా, ఎవరైనా వదిలి వెళ్తారేమో అన్న భయం ఆ పిల్లకు ముగ్గురి దగ్గరా ఉండాలి, ముగ్గురి దగ్గరా వేరువేరుగా ఉండాలి. నాగకుమారుడి దగ్గర ఆమె ఎందుకంత ఎక్కువ మాట్లాడుతుంది? కొలిమి దగ్గర ఎందుకు నోరు మెదపదు? జవాబు నువ్వే రాసిపెట్టుకుని మరిచిపోయావు. ముగ్గురు మగవాళ్లను పెట్టినందుకు ముగ్గురి ముందూ మూడు రకాల కృత్తికలు కనపడాలి. వాళ్లలో ఏ కృత్తికగా బతకడం తనకు ఇష్టమో ఆమె తేల్చుకోవాలి. నవల అంటే అదే.

మీరైతే ఎవరికిచ్చి చేస్తారని చివర్లో అడిగావు. నాకూ ఒక ఇష్టం ఉంది. అది చెబితే ఆ కట్టలో ఇంకో కాగితం చేరుతుంది, అంతే. చెప్పను.

15వ అధ్యాయం నుంచి మచ్చ తీసెయ్యి. రాజగురువును కూడా పంపించెయ్యి. కొలిమి కుర్రవాడు బతకాలా వద్దా అన్నది ఆ తర్వాత చూడు. 3వ అధ్యాయం నుంచి తల్లిని వెనక్కి పిలిచి, కృత్తికతో ఒక్క రాత్రి మాట్లాడించు. అది రాసి పంపితే వెంటనే చదువుతాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి