వికటకవి దగ్గర మొదలుపెట్టు

విశాఖపట్నం

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ అందాయి. ఒకసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. "చిన్నప్పుడు కంప్యూటర్ మీద పుట్టిన కుతూహలం ఇన్నేళ్లు ఎలా నిలిచిందో రాయాలని ఉంది, ఇది రచన అవుతుందా?" అని అడిగావు. అవుతుంది. అయితే అసలు రచన నీ అయిదో పేజీలో మొదలవుతోంది. ముందున్న నాలుగు పేజీలూ తీసెయ్యమ్మా. "నేడు కంప్యూటర్ లేని రంగం లేదు" అనే పేరా ఎవరు రాసినా ఒక్కలాగే ఉంటుంది. అందులో నువ్వు లేవు.

అయిదో పేజీలో ఉన్నావు. తొమ్మిదో తరగతిలో మాస్టారు ఒక ప్రోగ్రాం రాయించారు. ఒక మాట ఇస్తే, అది ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటేనా కాదా అని కంప్యూటర్ చెప్పాలి. "లెవెల్" అనే ఇంగ్లీషు మాట ఇచ్చారు, అవునంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నువ్వు ఇంటికొచ్చి, మీ అన్నయ్య పాత కంప్యూటర్ ముందు కూర్చుని, తెలుగులో "వికటకవి" అని కొట్టావు. కాదంది. తెనాలి రామకృష్ణుడి బిరుదైన ఈ మాటను తిరగేసి చదవడం మన పిల్లలందరికీ తెలిసిన ఆట. ఆ మాటను పట్టుకుని యంత్రం కాదంటే పద్నాలుగేళ్ల పిల్లకు నిద్ర పడుతుందా? ఇంత సంగతిని మూడు వాక్యాల్లో దాటేశావు! ఆగవలసింది అక్కడే.

"తిరగేస్తే అక్షరాలు గందరగోళంగా వచ్చాయి" అని రాశావు. గందరగోళం అనే మాటతో చదివేవాడి కంటికి ఏమీ కనబడదు. నిన్న రాత్రి నేనే ఆ ప్రోగ్రాం రాసి నడిపి చూశాను. ముందు చుక్కలతో గీసిన ఒక సున్నా, దాని మీద ఒంటరిగా గుడి. ఆ వెనక వ, క, ట, కి, వ. ఇదీ నువ్వు ఆ రాత్రి చూసింది. ఇలా ఎందుకయిందో నీకు ఇప్పుడు తెలుసు, కాని చదివేవాడికి తెలియదు, అప్పటి నీకూ తెలియదు. కాబట్టి మెల్లగా చెప్పు. ప్రపంచ భాషల అక్షరాలకు తలా ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. యూనికోడ్‌లో మన తెలుగుకు 128 గదులు కేటాయించారు. వ సంఖ్య 3125. దాని మీద పెట్టే గుడికి వేరే సంఖ్య, 3135. క 3093, ట 3103. మన కంటికి అయిదు అక్షరాలైన వికటకవి యంత్రానికి ఏడు సంఖ్యల వరుస. ఆ వరుసను చివరినుంచి చదివితే, ఆఖరి గుడి అందరికంటే ముందు వచ్చి, కూర్చోవడానికి హల్లు దొరక్క చుక్కల సున్నా మీద నిలబడుతుంది. మొదటి వ మీద ఉండవలసిన గుడి ఎగిరి పక్కనున్న క మీద వాలుతుంది. అదే పద్ధతిలో మన ఊరి పేరు "విశాఖ"ను తిరగేస్తే "ఖశావి" రావలసినచోట "ఖాశివ" వస్తుంది. ఇది చూసి నేను చాలాసేపు తెర ముందునుంచి లేవలేకపోయాను. మాట లోపల ఇంకో మాట దాక్కుని ఉన్నట్టు అనిపించింది.

గుడి, కొమ్ము, దీర్ఘం, పొల్లు: ఈ మాటలు నీ రచనలో ఒక్కటీ లేవు. "వర్ణ సంకేతన వ్యవస్థ" లాంటివి మాత్రం ఉన్నాయి. పలక మీద దిద్దుతూ నేర్చుకున్న పేర్లు ఉండగా వాటి జోలికి ఎందుకు? మౌస్‌ను మౌస్ అనే రాయి, ఫోల్డర్‌ను ఫోల్డర్ అనే రాయి. అక్షరం సంగతి వచ్చినప్పుడు మాత్రం బడిలో పిలిచిన పేరుతోనే పిలువు.

నా సంగతి కొంచెం చెప్పనీ, నీ అయిదో పేజీ నన్ను అంత కదిలించడానికి కారణం ఉంది. మా నాన్నగారు పాతనగరంలో ఒక అచ్చాఫీసులో కంపోజిటర్. సీసపు అక్షరాలను చెక్క కేసులో గదులు గదులుగా సర్ది ఉంచేవారు. గుణింతాలకు వేరే గదులు, ఒత్తులకు వేరే గదులు. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండే ఆ అక్షరాలను ఆయన మామూలు కాగితం చదివినంత హాయిగా చదివేవారు. అందువల్ల అక్షరమంటే ముక్కలతో పేర్చేది అని నాకు చిన్నప్పుడే తెలుసు. 1989లో, పదహారేళ్ల వయసులో, ద్వారకానగర్‌లోని ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. చల్లటి గది, నల్లటి తెర, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురం. 360 కిలోబైట్లు పట్టే వెడల్పాటి ఫ్లాపీని నాలుగు వేళ్లతో, రసగుల్లా పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకునేవాళ్లం. బేసిక్ నేర్పారు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల ప్రొఫెసర్లు, సైన్సు చదవని విద్యార్థులకు కూడా కంప్యూటర్ అందాలని తయారుచేసిన భాష అది. మొదటి రోజే నా పేరు ఇరవైసార్లు తెర మీద వేయించాను. రెండో రోజు అడిగాను, "సర్, తెలుగులో వేయొచ్చా?" అని. "ఇందులో తెలుగు రాదమ్మా" అన్నారు ఆయన, ఎంతో మర్యాదగా.

ఇంటికి వెళ్లి నాన్నగారికి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "కేసు సర్దుకోలేదేమో ఇంకా" అన్నారు. ఎవరో ఎక్కడో కూర్చుని ఆ కేసు సర్దుతున్నారనీ, పుణెలోని సీ-డాక్ సంస్థ జిస్ట్ అనే కార్డు తెచ్చిందనీ, దాన్ని కంప్యూటర్‌లో అమరిస్తే మన లిపులు వస్తాయనీ నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. నా లోపల మిగిలిపోయింది మాత్రం ఆ "రాదమ్మా". ఇన్‌స్టిట్యూట్‌లో నాతోపాటు చేరినవాళ్లలో నాకంటే చురుకైనవాళ్లు చాలామంది ఉండేవారు. కోర్సు అయిపోగానే వాళ్లకు అన్నీ తెలిసిపోయాయి. నాకు ఒకటి తెలియకుండా మిగిలింది, అది నన్ను వదల్లేదు. నీకు వికటకవి అలా మిగిలిందనుకుంటాను. కంప్యూటర్ మీద ఇష్టం అందరికీ కలుగుతుంది, అది అద్భుతమైన వస్తువు కాబట్టి. ఆ అద్భుతం ఆర్నెల్లలో పాతబడుతుంది. నీది అని చెప్పుకోగల ఒక ప్రశ్న, నీ భాషలోనిది, మీ ఇంట్లోది, దానికి తగులుకున్నప్పుడు కథ మారుతుంది. నీ పేజీల్లో నేను వెతికింది దాన్నే.

ఇప్పుడు ఎనిమిదో పేజీ. "ఆ రోజు నుంచి వెనుదిరిగి చూడలేదు" అని రాశావు. ఇది నిజం కాదు. పదకొండో పేజీలో నువ్వే చెప్పావు, ఇంటర్ రెండేళ్లూ కంప్యూటర్ ముట్టుకోలేదని. ఎంపీసీ, తెల్లవారుజామున స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, ఇంట్లో కంప్యూటర్ అటక మీద. మన రాష్ట్రంలో ఎన్ని లక్షల పిల్లల కుతూహలం ఆ రెండేళ్లలో అటకెక్కుతుందో! దాన్ని దాచిపెట్టి విజయగాథలా రాస్తే అబద్ధం అవుతుంది. అందులోనే ఒక్క వాక్యం మాణిక్యంలా దొరికింది నాకు: కాలేజీ బస్సులో వెళుతూ ఎదురొచ్చే బస్సుల బోర్డులు చదివి, యంత్రం లెక్కలో ఎన్ని, కంటి లెక్కలో ఎన్ని అని నోటుబుక్కు చివరి పేజీలో రాసుకునేదానివి. గాజువాక కంటికి నాలుగు, యంత్రానికి ఏడు. జగదాంబ నాలుగు, ఆరు. మద్దిలపాలెం అయిదు, పదకొండు. వేళ్లు మడిచి లెక్కపెట్టి చూశాను, సరిపోయాయి. ఈ బస్సు ప్రయాణానికి కనీసం రెండు పేజీలు ఇవ్వు. పక్క సీటు అమ్మాయి ఏమనుకుంది? కిటికీ దగ్గర చోటు కోసం పోట్లాడావా? వానాకాలంలో బోర్డులు కనబడనప్పుడు ఏం చేశావు? చేతికి కంప్యూటర్ అందని ఆ రెండేళ్లలోనే నీ ఇష్టానికి వేళ్లు దిగాయని నా నమ్మకం.

నాకూ అలాంటి రోజులున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరిని కొట్టాక మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు తెలుగు మాటలను నిఘంటువు వరుసలో పేర్చే ప్రోగ్రాం ఒకటి సగంలో ఉంది. విరిగిన చెట్టుకొమ్మలు పగలంతా ఈడ్చి, రాత్రి కొవ్వొత్తి వెలుగులో కాగితం మీద ఆ ప్రోగ్రాంను గీత గీతగా నేనే నడిపాను, కంప్యూటర్ చేసే పని చేత్తో చేస్తూ. తప్పు పద్దెనిమిదో గీతలో దొరికింది. ఆ రాత్రి కలిగిన సంతోషం మళ్లీ కరెంటు వచ్చిన రోజు కూడా కలగలేదు.

పన్నెండో పేజీలో "జ్ఞా" అక్షరం సంగతి సవరించుకో. "2018లో ఒక తెలుగు అక్షరం ప్రపంచంలోని ఐఫోన్లనే స్తంభింపజేసింది, అదీ మన భాష శక్తి" అని గర్వంగా రాశావు. జరిగిన మాట నిజమే, గర్వం మాత్రం దారి తప్పింది. ఫోన్లను పడగొట్టింది మనం రాసే మామూలు "జ్ఞా" కాదు. జ్ఞకూ దీర్ఘానికీ మధ్య, కంటికి కనబడని ఒక గుర్తు ఇరుక్కున్న వరుస అది. అక్షరాలను తెర మీద గీసే సాఫ్ట్‌వేర్‌కు దాన్ని ఎలా గీయాలో తెలియక యాప్‌లు కూలిపోయేవి. ఆ ఫిబ్రవరిలోనే సవరణ వచ్చింది. భాష శక్తి అని పొంగిపోవడం కంటే, మన లిపిని సరిగా పరీక్షించి చూసినవాళ్లు లేకపోయారని బాధపడటం నాకు న్యాయంగా తోస్తుంది. నీలాంటి పిల్ల అక్కడ ఒకరు ఉండి ఉంటే అని కూడా అనిపిస్తుంది.

ఎందుకంటే నీ రెండో ఓటమి అదే జాతిది. గుడులూ కొమ్ములూ హల్లుతో కలిపి పట్టుకోవడం నీ ప్రోగ్రాంకు నేర్పాక వికటకవి గెలిచింది, "రాష్ట్రం" ఓడింది. "ష్ట్రంరా" రావలసింది, "రంట్ష్రా" వచ్చింది. పొల్లు దగ్గర తెగిపోతోంది, ఒత్తు కలిసి రావడం లేదు. దీన్ని నీ తెలివితక్కువతనంగా రాసుకున్నావు. కాదు తల్లీ. ఒత్తులున్న అక్షరాన్ని విడగొట్టకుండా ఒకటిగా లెక్కించాలనే నియమం యూనికోడ్‌లోనే తెలుగు లాంటి లిపులకు 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. యూనికోడ్ మొదటి వెర్షన్ 1991 నాటిది. పెద్దవాళ్లు ముప్పై ఏళ్లకు పైగా తీసుకున్న ముడిని నువ్వు పదిహేనేళ్లకు మీ ఇంట్లో తడిమావు. దాన్ని గొప్పగా చెప్పుకోనక్కరలేదు, తప్పుగా చెప్పుకోకు, అంతే.

మీ నాన్నగారి గురించి. ఆయన కంప్యూటర్ వైరు పీకి డ్యూటీకి తీసుకుపోయారని రాశావు. కోపంతో రాశావు, అది తెలుస్తోంది. కాని రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోతున్న మనిషికి పక్కగదిలో కీబోర్డు టకటక ఎలా వినిపించి ఉంటుందో ఒక్క వాక్యం రాయి. కీబోర్డు మీద దుప్పటి కప్పి, ఆ దుప్పటి కింద టైపు చేశానని నువ్వే రాశావు కదా. ఆ దుప్పటికి ఇటు నువ్వు ఉన్నావు, అటు ఆయనా ఉన్నారు. వైరు ఎన్నాళ్లకు తిరిగొచ్చింది? ఎవరు తెచ్చిచ్చారు? అది చెప్పలేదు.

ఆఖరి రెండు పేజీల్లో ఉద్యోగం, జీతం, హైదరాబాద్ ఉన్నాయి. అవి ఉండటం తప్పు కాదు, ఇల్లు నడవాలి. ఈ రచనకు మాత్రం అవి అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ కంప్యూటర్‌ను ప్రేమించనివాళ్లు నాకు చాలామంది తెలుసు, ఉద్యోగం లేకుండానే దానితో జీవితమంతా గడిపినవాళ్లూ తెలుసు. 1998లో నా కథలన్నీ ఒక డీటీపీ సెంటర్‌లో టైపు చేయించాను. నాలుగేళ్ల తర్వాత ఫ్లాపీ తెరిస్తే అంతా ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు. అప్పటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు బొమ్మలు తొడిగేవి, ఫాంటు పోతే తెలుగూ పోయినట్టే. ఏ గుర్తు ఏ తెలుగు ముక్కకు మారుపేరో పట్టిక రాసుకుంటూ, సంక్రాంతి నుంచి ఉగాది దాకా కూర్చుని పదకొండు కథలు వెనక్కు తెచ్చుకున్నాను. దానికి నాకు ఎవరూ జీతం ఇవ్వలేదు. నా కథలను నేను అంత దగ్గరగా, ముక్క ముక్కగా మరెప్పుడూ చదవలేదు. రెండు కథలు అప్పుడే మార్చేశాను కూడా.

పెన్సిలు గుర్తులతో నీ పేజీలు ఈ కవరులోనే పంపుతున్నాను. తొందరపడకు. ముందు వికటకవి రాత్రి ఒక్కటే రాసి తీసుకురా. వచ్చే ఆదివారం ఉదయం పౌర గ్రంథాలయంలో ఉంటాను. ఇన్ని పేజీలు వెతికినా ఒకటి దొరకలేదు నాకు: బస్సు బోర్డులు రాసుకున్న ఆ నోటుబుక్కు ఇప్పుడు ఎక్కడుంది? అటక మీద ఉంటే దుమ్ము దులిపి వెంట తీసుకురా. మద్దిలపాలెం తర్వాత ఏం రాశావో చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
నీ మేలు కోరే మేడమ్